ఆ నవ్వు ఎవరి మీద?

2024 సెప్టెంబర్ 10 రాత్రి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో కమలా హారిస్, డోనాల్డ్ ట్రంప్ ఒకే వేదిక మీద వాదించుకున్నారు. అధ్యక్ష ఎన్నికకు ముందు ఇలా టీవీలో చర్చ జరగడం ఆ దేశంలో ఆనవాయితీ. 6 కోట్ల 70 లక్షల మంది దాన్ని చూశారు. చూసినవాళ్లను ఒక చానెల్ ఆ రాత్రే అడిగింది: ఎవరు బాగా మాట్లాడారు? నూటికి 63 మంది హారిస్ అన్నారు, 37 మంది ట్రంప్ అన్నారు. కోడిపందెం ముగిసింది, గెలిచిన పుంజు ఏదో తేలింది అన్నట్టు జనం నిద్రపోయారు.

కానీ ఆ చర్చలో ఒక మాట దొర్లింది. ఒహాయో రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అని చిన్న పట్టణం ఉంది. జనాభా 60 వేలకు అటూ ఇటూ. అప్పటికి కొన్నేళ్లుగా హైతీ దేశం నుంచి వేలాది మంది అక్కడికి వచ్చి కర్మాగారాల్లో, గోదాముల్లో పనిచేసుకుంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికి చట్టప్రకారం అనుమతి ఉన్నవాళ్లే. ఆ పట్టణంలో వలస వచ్చినవాళ్లు ఇరుగుపొరుగు పెంచుకునే కుక్కల్ని, పిల్లుల్ని తినేస్తున్నారని ట్రంప్ అన్నాడు. అలాంటిదేమీ జరిగినట్టు ఆధారం లేదని నగర అధికారి మాకు చెప్పారని చర్చ నడిపిస్తున్న విలేఖరి అక్కడికక్కడే అన్నాడు. దానికి ట్రంప్ ఇచ్చిన జవాబు ఏమిటో తెలుసా? టీవీలో జనం చెబుతుంటే చూశానన్నాడు. టీవీలో చూసింది టీవీలో చెప్పాడు. కోట్లమంది టీవీలో విన్నారు.

విన్నవాళ్లు ఏం చేశారు? ఎక్కువమంది నవ్వారు. వేదిక మీద హారిస్ నవ్వింది. ఇళ్లలో జనం నవ్వారు. తెల్లవారేసరికి ఫోన్ల నిండా కుక్కల బొమ్మలు, పిల్లుల బొమ్మలు. ఆ మాటలకే బాణీ కట్టి ఒక దక్షిణాఫ్రికా గాయకుడు పాట చేస్తే దానికి లోకమంతా చిందులేసింది. ట్రంప్ పరువు పోయిందని అతని ప్రత్యర్థులు సంబరపడ్డారు. నమ్మినవాళ్లు నమ్మారు, నమ్మనివాళ్లు నవ్వారు. ఆ మాట ఎవరి గురించో వాళ్ల ఇళ్లలో ఆ పూట ఏం జరుగుతోందని అడిగినవాళ్లు మాత్రం బహు తక్కువ.

రెండు రోజులు తిరక్కుండానే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నగర కార్యాలయాన్ని ఖాళీ చేయించారు. బాంబు పెట్టామని బెదిరింపు వచ్చింది. బడి పిల్లల్ని బయటికి పంపేశారు. మర్నాడు మళ్లీ బెదిరింపు. తర్వాత ఆసుపత్రులకు, కళాశాలకు కూడా వచ్చాయి. మొత్తం 33 బెదిరింపులు వచ్చాయనీ, అన్నీ ఉత్తవేననీ ఆ రాష్ట్ర గవర్నరే చెప్పాడు. ఆయన ట్రంప్ పార్టీ వాడే. కుక్కలు, పిల్లుల కథ అబద్ధమని కూడా ఆయన చెప్పాడు. అయినా ప్రతి బడినీ ముందు పోలీసులు వెతికి చూస్తే గానీ పిల్లలు లోపలికి వెళ్లలేని రోజులు వచ్చాయి. హైతీ తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపడానికి భయపడ్డారు.

నేను చెప్పదలిచింది ఇదే. అబద్ధమాడినవాడి తప్పు అందరికీ తెలిసిందే. చూసి నవ్వి నిద్రపోయినవాళ్ల తప్పు గురించి ఎవరూ మాట్లాడరు. ఆ నవ్వులో ఆదివాసులమైన మనం కలవకూడదు. మనకు ఆ హక్కు లేదని కాదు. ఆ నవ్వు ఎటు తిరుగుతుందో అందరికన్నా మనకే బాగా తెలుసు.

ఏం తింటావని అడిగి నవ్వడం మనకు కొత్తా? ఎర్రచీమల పచ్చడి అంటే మొహం చిట్లించినవాళ్లను చూడలేదా? వెదురు కొమ్ముల కూర సంగతి తెలిసి హాస్టల్లో పళ్లెం దూరంగా జరుపుకున్నవాళ్లు లేరా? ఎలుక తినే యానాది, పంది పెంచే ఎరుకల, ఉడుము కొట్టే కోయ అని సామెతల్లో, సినిమాల్లో, తరగతి గదుల్లో ఎంతకాలంగా నవ్వుతున్నారు? మనం తినేది నిజం, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. హైతీ వాళ్లు తిన్నారన్నది అబద్ధం. కానీ నవ్వేవాడికి నిజం, అబద్ధం తేడా అక్కర్లేదు. వాళ్లు మనలాంటి మనుషులు కారు అని చెప్పడానికి తిండి కన్నా సులువైన దారి లేదు. పళ్లెంతో మొదలుపెడతారు, పొలిమేర దాటించేదాకా పోతారు.

హైతీ అన్న పేరే ఆ ద్వీపపు ఆదివాసులైన టైనో ప్రజల మాట. కొండల నేల అని అర్థం. కొలంబస్ వచ్చాక కొన్ని తరాల్లోనే టైనోలు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. ఆ తర్వాత ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్నారు. బానిసలు తమ సంకెళ్లు తామే తెంచుకుని కట్టుకున్న దేశమది. ఆ దేశం వాళ్ల గురించి ఆ రాత్రి కోట్లమంది కొత్తగా తెలుసుకున్నది ఏమిటి? కుక్కలు, పిల్లులు.

అమెరికా గొడవ మనకెందుకు అంటారు కొందరు. రెండు కారణాలున్నాయి.

మొదటిది మన తెలుగువాళ్ల సంగతి. స్ప్రింగ్‌ఫీల్డ్ పుకారును ట్రంప్ కన్నా ముందే ఎత్తుకున్నది అతని పక్కన ఉపాధ్యక్ష పదవికి పోటీచేసిన జె.డి. వాన్స్. అతని భార్య ఉషా చిలుకూరి మూలాలు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉన్నాయి. దాంతో మన చానెళ్లకు అతను తెలుగింటి అల్లుడైపోయాడు. అక్టోబర్ 1న అతని చర్చను మనవాళ్లు ఇంటి అల్లుడి పరీక్షలా చూశారు. ఎంత నెమ్మదిగా మాట్లాడాడు, ఎంత చక్కగా నవ్వాడు అని మురిసిపోయారు. జనం బాధ మీద పత్రికల దృష్టి పడాలంటే కథలు అల్లాల్సి వచ్చినా అల్లుతానని అతను అంతకు రెండు వారాల ముందే ఒక ముఖాముఖిలో అన్నాడు. అల్లుడని మురిసినవాళ్లలో ఆ మాట గురించి నిలదీసినవాళ్లు ఎందరు? లక్షలమంది తెలుగువాళ్లు వలస వెళ్లి బతుకుతున్న దేశంలో, వలస వచ్చినవాళ్ల మీద అల్లిన కథ అది. పరాయి గడ్డ మీద ఉన్నవాడే పరాయివాడి మీద పుకారుకు చప్పట్లు కొడితే, ఆ చప్పుడు రేపు తన గుమ్మం ముందే వినిపిస్తుంది.

రెండోది ఇంకా దగ్గరిది. 2018 మే నెలను గుర్తుచేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ‘పార్థీ గ్యాంగ్’ దిగిందని తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ నిండా ఫొటోలు, గొంతు సందేశాలు తిరిగాయి. ఊళ్లలో కర్రలు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాశారు. దారి తప్పినవాళ్లను, మతిస్థిమితం లేనివాళ్లను, బిచ్చమెత్తుకునేవాళ్లను చెట్లకు కట్టి కొట్టారు. తెలంగాణలో ప్రాణాలు పోయాయి. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలోని రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్లు అయిదుగురిని అదే అనుమానంతో చంపేశారు.

పార్థీ అంటే ఎవరు? వేట మీద బతికిన పార్ధీలు. 1871లో మొదలైన చట్టంతో బ్రిటిష్‌వాళ్లు నేరస్త జాతులని ముద్రవేసిన వాళ్లలో వాళ్లూ ఉన్నారు, మన ఎరుకలవాళ్లూ ఉన్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర రద్దు కాలేదు. స్టూవర్టుపురం అనగానే సినిమా చూసేవాడికి ఇప్పటికీ దొంగే గుర్తొస్తాడు గానీ, అక్కడ చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు గుర్తురారు. పార్థీ గ్యాంగ్ వీడియోను పదిమందికి పంపినవాళ్లలో మన ఆదివాసీ పిల్లలు లేరా? ఉన్నారు. ఒక తెగ పేరును దొంగ పేరుగా చేసి పంపుతున్నామని వాళ్లకు తట్టలేదు. బడిలో ఎవరూ చెప్పకపోతే ఎలా తడుతుంది?

ఇంకొందరు అడుగుతారు: నవ్వడం కూడా ఒక ఎదిరింపే కదా? పెద్దవాడి అబద్ధాన్ని నవ్వులపాలు చేయకూడదా? చేయవచ్చు. కానీ ఆ రాత్రి నవ్వు పడింది అన్నవాడి నోటి మీద. మాట మాత్రం చెక్కుచెదరకుండా ఊరంతా తిరిగింది. పాట విన్న ప్రతివాడి చెవిలోనూ మళ్లీ అదే మాట పడింది. అబద్ధాన్ని వెక్కిరిస్తూ మోసినా అది మోతే.

వేరే రకం నవ్వు కూడా ఉంది. 2020 నవంబర్‌లో అమెరికా ఓట్ల లెక్కింపు రాత్రి ఒక పెద్ద చానెల్ ఏ జాతివాళ్లు ఎవరికి ఓటేశారో పట్టిక వేసింది. తెల్లవాళ్లు, లాటినోలు, నల్లవాళ్లు, ఆసియావాళ్లు అని రాసి, మిగిలినవాళ్లందరినీ ‘ఇంకేదో’ అనే గడిలో వేసింది. ఆ నేల అసలు మనుషులు, 570కి పైగా తెగలుగా ప్రభుత్వం గుర్తించినవాళ్లు, టీవీ ముందు కూర్చుని తాము ‘ఇంకేదో’ అని తెలుసుకున్నారు. వాళ్లు నిరసన తెలిపారు. అంతటితో ఆగక ఆ మాటనే చొక్కాల మీద అచ్చువేసి తొడుక్కుని చానెల్‌ను చూసి నవ్వారు. అది కిందినుంచి పైకి నవ్విన నవ్వు. ఆ నవ్వు వల్ల ఏ బడీ ఖాళీ కాలేదు.

ఇక గెలుపోటముల లెక్క చూద్దాం. నూటికి 63 మంది హారిస్ గెలిచిందన్న ఆ చర్చ తర్వాత రెండు నెలలు నిండకుండానే ఎన్నికలో ట్రంప్ గెలిచాడు. మరి 63 దేనికి లెక్క? అసలు ఆ తీర్పు కూడా చూసినవాళ్ల సొంతమేనా? 1976లో జెరాల్డ్ ఫోర్డ్, జిమ్మీ కార్టర్ వాదించుకున్నప్పుడు, తూర్పు యూరప్ మీద సోవియట్ పెత్తనం లేదని ఫోర్డ్ అన్నాడు. చర్చ అయిన వెంటనే అడిగితే ఎక్కువమంది ఫోర్డే మెరుగన్నారు. అది పెద్ద తప్పు అని విలేఖరులు ఒక రోజంతా చెప్పాక అడిగితే కార్టర్ గెలిచాడన్నారు. ఫోర్డ్ అన్నది తప్పే. కానీ తప్పని చూసినవాళ్లకు తెలిసింది మర్నాడు చెప్పాకే. మన నోట్లోంచి వచ్చే తీర్పును కూడా చాలాసార్లు ఎవరో ముందే నమిలి పెడతారు.

సెప్టెంబర్ 10వ తేదీనే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంకో సభ జరిగింది. అది నగర పాలకుల మామూలు సమావేశం. అంతకు ఏడాది ముందు ఒక హైతీ వ్యక్తి నడుపుతున్న బండి బడి బస్సును ఢీకొని 11 ఏళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఆ పిల్లవాడి చావును ఎన్నికల్లో వాడుకుంటున్నారు. అతని తండ్రి ఆ సభలో లేచి నిలబడి, నా కొడుకు పేరుతో ద్వేషం రెచ్చగొట్టకండి అని నాయకులను పేరుపేరునా అడిగాడు. బిడ్డను పోగొట్టుకున్నవాడు పగ వద్దన్నాడు. ఆ రాత్రే ఫిలడెల్ఫియాలో ఏమీ పోగొట్టుకోనివాడు పగ పెంచాడు. ఆ తండ్రి మాట విన్నవాళ్లు ఎందరు, కుక్కల పాట విన్నవాళ్లు ఎందరు?

టీవీ ముందు ప్రేక్షకుడు ఉంటాడు. సభలో సభికుడు ఉంటాడు. ప్రేక్షకుడు మార్కులు వేస్తాడు. సభికుడు జవాబు అడుగుతాడు, జవాబు చెబుతాడు కూడా. ఈ తేడా మనవాళ్లకు బాగా తెలుసు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఒడిశాలోని నియమగిరి కొండల్లో 12 ఊళ్ల గ్రామసభలు కూర్చున్నాయి. బాక్సైట్ తవ్వాలా వద్దా అని అడిగితే 12 ఊళ్లూ వద్దన్నాయి. డోంగ్రియా కోందులు అక్కడ కంపెనీవాళ్లు బాగా మాట్లాడారా లేదా అని మార్కులు వేయలేదు. కొండ ఉంటుందా పోతుందా అన్నదే చూశారు. పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం మనకు ఇచ్చింది ఆ సభికుడి స్థానమే. ఫోన్ చేతికొచ్చాక మన యువత దాన్ని వదిలేసి ప్రేక్షకుల వరసలోకి పోతోంది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఇది మీ తరగతిలో చేయగల పని. ఏ దేశపు చర్చ అయినా, మన చానెళ్లలో రాత్రిపూట అరుచుకునే చర్చ అయినా ఒక ముక్క పిల్లలకు చూపించండి. ఎవరు గెలిచారని అడగవద్దు. మూడు ప్రశ్నలు వేయండి. ఎవరి గురించి మాట్లాడుతున్నారు, వాళ్లు అక్కడ ఉన్నారా? చెప్పిన సంగతి ఎక్కడిది, చూసినవాళ్లు ఎవరు? ఈ మాట రేపు ఏ ఊరికి, ఎవరి గుమ్మానికి పోతుంది? ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్ల కూడా వీటికి జవాబు వెతకగలదు. తన గురించి తాను లేనిచోట మాట్లాడినవాళ్లను ఆమె ఇప్పటికే చాలామందిని చూసింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఫోన్‌లో ఒక తెగ మీద, ఒక ఊరి మీద, ఒకరి తిండి మీద నవ్వు పుట్టించే ముక్క వస్తే దాన్ని ముందుకు పంపకుండా మీ దగ్గరే ఆపండి. పంపినవాడిని ఇది ఎక్కడిదని అడగండి. కోట్లమంది చూసిన చర్చలో ఎవరూ చేయని పని అదే. మన ఊళ్ల నుంచి అది మొదలైతే, స్ప్రింగ్‌ఫీల్డ్ పిల్లలకు ఆలస్యమైనా, రేపు పార్థీ అని పిలిచి కొట్టబోయే ఏ బాటసారికో అది సమయానికి అందుతుంది.