డ్రోను మనది, తాళంచెవి ఎవరిది?

మందు కొట్టే డ్రోను ఇప్పుడు ఊళ్లో వింత కాదు. పది లీటర్ల ట్యాంకు, ఎకరాకు పది నిమిషాలు కూడా పట్టదు. చేతిపంపుతో ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు మోసే బాధ లేదు. మందు మొహాన పడకుండా గట్టు మీద నిలబడి పని చేసుకోవచ్చు. ఎండలో పంపు భుజానేసుకుని తిరిగి సాయంత్రానికి వాంతులతో ఆసుపత్రికి పోయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు కాబట్టి, ఈ యంత్రం వద్దని మనం అనడం లేదు. కూలీల పని దినాలు పోతాయన్న ఆందోళన సంఘంలో ఉంది. అది న్యాయమైనదే, దాని మీద విడిగా మాట్లాడుకుందాం. ఈ నెల మాట్లాడాల్సింది సాఫ్ట్‌వేరు గురించి.

ట్రాక్టరు చెడితే ఎక్కడ చెడిందో మనకు తెలుస్తుంది. బెల్టు తెగుతుంది, పంపు లీకవుతుంది, మండల కేంద్రంలో మెకానిక్ ఉంటాడు. డ్రోను మాత్రం చెడకుండానే ఆగిపోతుంది. రెక్క విరగదు, మోటారు కాలదు, బ్యాటరీ నిండుగానే ఉంటుంది. తెర మీద 'అప్‌డేట్ చేయండి' అని వస్తుంది. చేస్తే తప్ప లేవనంటుంది. చేయబోతే సగంలో ఆగుతుంది. ఇక అది పది లక్షల రూపాయల బొమ్మ.

ఇలా ఎందుకవుతుందో ముందు అర్థం చేసుకుందాం. తనంతట తాను దారి చూసుకుని కదిలే యంత్రాన్ని రోబో అంటారు. మన డ్రోను ఎగిరే రోబో. దాని లోపల ఒక్క ప్రోగ్రాము కాదు, చాలా ఉంటాయి. ఎగరడాన్ని నడిపే ఫ్లైట్ కంట్రోలర్‌కు ఒకటి, చేతిలో పట్టుకునే రిమోట్‌కు ఒకటి, ఫోనులో యాప్ ఒకటి. కొన్ని నమూనాల్లో బ్యాటరీకి, అడ్డంకులు చూసే రాడార్‌కు కూడా విడివిడిగా ఉంటాయి. ఇవన్నీ ఒకదాని మాట ఒకదానికి అర్థమయ్యే వెర్షన్లలో ఉండాలి. ఒకటి కొత్తదై, ఇంకొకటి పాతదిగా మిగిలితే మాట కలవదు. డ్రోను లేవదు.

గత ఖరీఫ్‌లో మా మండలంలో జరిగింది అదే. వరి చిరుపొట్ట దశలో ఉంది. సుడిదోమ కనిపించింది. ఒక డ్వాక్రా సంఘం అక్కచెల్లెళ్ల డ్రోనుకు పదకొండు మంది రైతులు పేర్లు రాయించుకున్నారు. పొద్దున ఆరింటికి గట్టు మీదికి తెచ్చి పెట్టగానే అప్‌డేట్ అడిగింది. అక్కడ సిగ్నల్ ఒక్క గీత. సగం దాటి ఆగింది. మళ్లీ ఆన్ చేస్తే రిమోట్‌కు డ్రోను దొరకడం లేదు. సర్వీసుకు ఫోన్ చేస్తే వీడియో తీసి పంపమన్నారు. పంపితే మర్నాడు చూసి, డ్రోనునే నగరానికి పంపమన్నారు. అట్టపెట్టెలో కట్టి బస్సు పార్శిల్‌లో వేశాం. ఆరు రోజులకు తిరిగి వచ్చింది. వాళ్లు చెప్పిన రోగం ఒకటే మాట: రిమోట్‌లో కొత్త వెర్షన్ పడింది, డ్రోనులో పాతదే ఉండిపోయింది. ల్యాప్‌టాప్, ఒక కేబుల్, సరైన ఫైలు ఉంటే అరగంట పని. ఆ అరగంట పని కోసం ఆరు రోజులు పోయాయి. సుడిదోమ ఆరు రోజులు ఆగుతుందా? కొందరు చేతిపంపుకు తిరిగి పోయారు. కూలీలు దొరకనివాళ్ల మళ్లలో పైరు గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోయింది. సంఘానికి ఆ వారం బాడుగ రాలేదు, బ్యాంకు కిస్తీ మాత్రం వచ్చింది.

ఈ కంపెనీ మంచిదా ఆ కంపెనీ మంచిదా అన్నది కాదు ఇక్కడ సంగతి. ఏ కంపెనీది కొన్నా పరిస్థితి ఇంచుమించు ఇదే.

కేంద్ర ప్రభుత్వం 'నమో డ్రోన్ దీదీ' పథకాన్ని 2023 నవంబరులో ఆమోదించింది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు, 1,261 కోట్ల రూపాయల ఖర్చు. డ్రోను ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సబ్సిడీ. మిగతాది అప్పు. ప్యాకేజీలో ఏముండాలో కూడా రాశారు: నాలుగు అదనపు బ్యాటరీ సెట్లు, విడి రెక్కలు, నాజిళ్లు, చార్జర్లు, గాలి వేగం కొలిచే పరికరం, పీహెచ్ మీటరు, ఏడాది వారంటీ, ఏడాది బీమా, రెండేళ్ల నిర్వహణ ఒప్పందం. బాగానే ఉంది. సంఘంలో ఒక సభ్యురాలికి 15 రోజుల శిక్షణ ఇస్తారు. అందులో ఐదు రోజులు పైలట్ శిక్షణ, పది రోజులు పొలం పని. కరెంటు, మెకానికల్ రిపేర్ల మీద ఆసక్తి ఉన్న ఇంకొకరిని డ్రోను సహాయకులుగా తయారు చేయాలని కూడా ఉంది. ఆలోచన మంచిదే. కానీ ఆ జాబితాలో సాఫ్ట్‌వేర్ ఫైలు, డయాగ్నొస్టిక్ కేబుల్, పాత వెర్షన్‌కు తిరిగి పోయే హక్కు అన్న మాటలు మాకు కనిపించలేదు. రెక్క బిగించడం నేర్చుకున్న చెల్లెలికి, అప్‌డేట్ సగంలో ఆగితే పాస్‌వర్డు అడిగే తెర తప్ప ఏమీ కనపడదు. పానా చేతికిచ్చి బోల్టుకు తాళం వేసినట్టుంది.

పైనుంచి ఏదో రావాలని ఎదురు చూసేలోగా మన చేతిలో ఉన్న జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. డ్రోను నడిపే పిల్లలను, సర్వీసు కుర్రాళ్లను అడిగి, చేసి చూసి తెలుసుకున్నవి.

మందు కొట్టే రోజు పొద్దున అప్‌డేట్ పెట్టుకోకండి. పని లేని రోజు, ఊళ్లో సిగ్నల్ బాగున్న చోట, వీలైతే వైఫై ఉన్న ఇంట్లో చేయండి. సీజను మొదలయ్యే ముందు ఒకసారి ఆన్ చేసి చూస్తే, ఏమి పెండింగు ఉన్నాయో అదే చెబుతుంది. రెక్కలు విప్పేసి చేయాలి. అప్‌డేట్ మధ్యలో మోటారు తిరిగితే చేయి పోతుంది. డ్రోను బ్యాటరీ, రిమోట్ బ్యాటరీ రెండూ బాగా చార్జయి ఉండాలి. ఫోనులో ఖాళీ జాగా ఉండాలి. వాట్సాప్ వీడియోలతో నిండిన ఫోనులో ఫైలు సగమే దిగుతుంది, తప్పు డ్రోనుది అనుకుంటాం. కేబుల్ విషయం చాలామందికి తెలియదు. ఫోన్ చార్జింగుకు మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లు ఉంటాయి, వాటిలో డేటా పోదు. డేటా పోయే కేబుల్ ఒకటి డ్రోను పెట్టెలోనే విడిగా ఉంచండి.

మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న వెర్షన్ నంబర్లన్నీ ఫొటో తీసుకోండి. సెట్టింగులు దాచుకునే వీలుంటే ఫైలుగా దాచండి, లేకపోతే తెర తెర ఫొటో తీయండి. సగంలో ఆగితే కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ నొక్కకండి. ముందు అన్నీ ఆపి, కాసేపు ఆగి, వేరే కేబుల్‌తోనో వేరే ఫోనుతోనో మళ్లీ అదే అప్‌డేట్ మొదటినుంచి పెట్టి చూడండి. చాలా కంట్రోలర్లలో ప్రధాన ప్రోగ్రాము పాడైనా, దాన్ని మళ్లీ ఎక్కించుకునే చిన్న ప్రోగ్రాము వేరుగా బతికే ఉంటుంది. చచ్చిపోయిందని పార్శిల్ కట్టిన డ్రోన్లలో కొన్ని నిజానికి చావలేదు.

అప్‌డేట్ పూర్తయిందని తెర చెప్పినంత మాత్రాన పొలంలోకి పోకూడదు. ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే. అప్‌డేట్ తర్వాత కొన్ని సెట్టింగులు కంపెనీ మొదట పెట్టిన అంకెలకు తిరిగి పోవచ్చు. సిగ్నల్ తెగితే డ్రోను ఎంత ఎత్తున ఇంటికి తిరిగి రావాలి అన్నది అందులో ఒకటి. మన పొలం పక్కన తాటిచెట్టు ఉందనీ, కరెంటు తీగలు ఉన్నాయనీ కంపెనీ అంకెకు తెలియదు. ఆ ఎత్తును మళ్లీ మనమే చూసి పెట్టాలి. దిక్సూచి సరి చేయమని అడిగితే ట్రాక్టరుకు, ఇనుప గేటుకు, హైటెన్షన్ తీగలకు దూరంగా పోయి చేయాలి. నాజిల్ నుంచి నిమిషానికి ఎంత పడుతోందో కొలత పాత్రతో పట్టి చూడాలి. తెర మీద ఒక లీటరని చూపించి, నిజంగా లీటరున్నర పడితే పైరు మాడుతుంది. తక్కువ పడితే పురుగు చావదు, అప్పుడు మనం మందునో దుకాణదారునో తిడతాం. మొదటిసారి ఉత్త నీళ్లతో, మనుషులు లేని ఖాళీ మడిలో, తక్కువ ఎత్తులో ఎగరేసి చూశాకే మందు పోయాలి.

ఇంతా చేసినా మన చేతిలో లేనిది చాలా ఉంది. కంపెనీలు చెప్పే మాట ఒకటుంది: రైతులు సాఫ్ట్‌వేరును కెలికితే డ్రోను జనం మీద పడుతుంది, పైగా డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం టైప్ సర్టిఫికెట్ ఉన్న నమూనాను ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. ఈ మాటలో నిజం ఉంది. పాతిక కిలోల యంత్రం తల మీద పడితే ఏమవుతుందో మనకు తెలుసు. అప్‌డేట్లు అనవసరం అని కూడా మనం అనం, ప్రమాదకరమైన లోపాలు సరిచేసేవి వాటిలో ఉంటాయి. కానీ ప్రోగ్రాము తిరగరాస్తామని మనమెవరం అడగలేదు. కంపెనీయే తయారు చేసి, అనుమతి పొందిన ఫైలును కంపెనీ చెప్పిన పద్ధతిలోనే ఎక్కించే వీలు మండలంలో ఎవరో ఒకరికి ఇవ్వమంటున్నాం. అది భద్రతకు ఎలా అడ్డమో ఎవరైనా వివరిస్తే వింటాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని ఆపింది, విడి భాగాలకు మాత్రం తలుపు తెరిచే ఉంచింది. బయటినుంచి వచ్చిన కంట్రోలర్‌ను ఇక్కడ బిగించి అమ్మే చోట, ఆ సాఫ్ట్‌వేరు తాళం మనకు అమ్మినవాడి చేతిలో కూడా ఉండకపోవచ్చు. అప్పుడు మనం ఎవరిని అడగాలి? ఆ చిన్న కంపెనీ మూడేళ్లకు మూతపడితే, కిస్తీలు తీరకముందే డ్రోను మూగబోతుంది.

ఈ గొడవ మనకే కాదు. అమెరికాలో వందల ఎకరాల రైతులు కూడా ఏళ్లుగా ఇదే పోరాడుతున్నారు. జాన్ డీర్ ట్రాక్టర్లలో, కోత యంత్రాల్లో చాలా లోపాలు తెలుసుకోవాలన్నా, కొత్త భాగం బిగించాక దాన్ని యంత్రం ఒప్పుకోవాలన్నా చాలాకాలం డీలరు దగ్గరున్న సాఫ్ట్‌వేరే కావాల్సి వచ్చేది. కోతల వేళ డీలరు కోసం చేలో ఎదురు చూడటం వాళ్ల అనుభవం. అక్కడి రైతులు ఊరుకోలేదు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇల్లినాయిస్, మిన్నెసోటా రాష్ట్రాలతో కలిసి ఆ కంపెనీ మీద దావా వేసింది. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్‌లో డీలరు దగ్గర్నుంచి ఎత్తుకుపోయిన యంత్రాలను దూరం నుంచే పనిచేయకుండా చేసిన సంగతీ ప్రపంచమంతా చూసింది. దొంగను ఆపారు, సంతోషమే. కానీ దొంగ యంత్రాన్ని ఆపగల చేయి, కిస్తీ ఆలస్యమైన రైతు యంత్రాన్ని కూడా ఆపగలదు.

మన దేశంలో చట్టం లేదు గానీ మాట మొదలైంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలతో పాటు వ్యవసాయ పరికరాలను కూడా అందులో చేర్చారు. పోర్టల్‌లో కంపెనీ ఫోన్ నంబరు పెట్టినంత మాత్రాన సుడిదోమ ఆగదు. సబ్సిడీ ఇచ్చేది ప్రభుత్వం, కాబట్టి షరతు పెట్టే అధికారమూ దానికే ఉంది. జనం డబ్బుతో కొనే ప్రతి డ్రోనుకూ టెండరులోనే రాయించాలి: ప్రమాదం ఉన్న లోపం తప్ప మరే అప్‌డేట్ అయినా సీజను నడిమధ్య బలవంతం చేయకూడదు, వాయిదా వేసుకునే బటన్ ఉండాలి. నెట్ లేకుండా పెన్‌డ్రైవ్‌తో ఎక్కించే ఫైలు ఇవ్వాలి. కొత్తది పనిచేయకపోతే, అనుమతి ఉన్న పాత వెర్షన్‌కు పోయే దారి ఉండాలి. తప్పు కోడ్ కనిపిస్తే దాని అర్థం తెలుగులో ఉండాలి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలోనో, తెలంగాణలో రైతు వేదికలోనో ఒక ల్యాప్‌టాప్, కేబుళ్లు, శిక్షణ ఉన్న ఒక మనిషి ఉండాలి. రెండు రోజుల్లో బాగు కాకపోతే కంపెనీయే బదులు డ్రోను పంపాలి. కంపెనీ మూతపడితే ఫైళ్లూ తాళాలూ ఎవరి దగ్గర ఉంటాయో ముందే రాసి ఉండాలి. మన పొలాల కొలతలు, మనం కొట్టిన మందుల లెక్కలు డ్రోను నుంచి ఎక్కడికి పోతున్నాయో కూడా చెప్పించాలి. ఆ విషయం పెద్దది, మరో నెల రాద్దాం.

ఇవి అడగడానికి మన చేతిలో లెక్క ఉండాలి. డ్రోను ఉన్న ప్రతి సంఘమూ, బాడుగకు నడిపే ప్రతి కుర్రాడూ ఒక నోటుపుస్తకం పెట్టండి. అప్‌డేట్ అడిగిన తేదీ, పాత వెర్షన్, కొత్త వెర్షన్, ఎక్కడ ఆగింది, తెర మీద ఏమని వచ్చింది, సర్వీసుకు ఎన్నిసార్లు ఫోన్ చేశారు, ఎన్ని రోజులకు తిరిగి ఎగిరింది, ఆ రోజుల్లో ఎన్ని ఎకరాల బాడుగ పోయింది, ఏ పంట ఏ దశలో ఉంది. అన్నీ రాయండి. ఫొటోలు ఉంచండి. రబీ నాట్లు అయ్యేలోగా ఆ పుస్తకాలు మండల కమిటీకి అందజేస్తే, జిల్లాల వారీగా కూర్చి వ్యవసాయ శాఖ ముందు పెడతాం.