ప్రైజేమైనా వచ్చిందా?

మొన్న మహిళా దినోత్సవం నాడు మా అపార్ట్‌మెంటు వాళ్ళు నాకు శాలువా కప్పారు. ఎందుకంటారా? నేను మోటారు సైకిలు పందేల్లో పాల్గొంటాను గనక. నలభయ్యారేళ్ళ ఇల్లాలు, పదేళ్ళుగా ఇంట్లో లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటున్న మనిషి, తోలు సూటు తొడుక్కుని ట్రాకు మీద బండి నడుపుతుందంటే వినడానికి బాగానే ఉంటుంది కదా! కార్యదర్శిగారు మైకు పుచ్చుకుని, "మన బ్లాకుకే గర్వకారణం, చాంపియన్" అన్నారు. "చాంపియన్ని కాదండీ" అన్నాను పక్కనుంచి. ఆయనకు వినపడలేదు. తీరా మైకు నా చేతికొచ్చాక, ఉన్నమాట చెప్పేశాను. "పోయిన పోటీలో 24 మందిమి బయల్దేరాం. నాది 14వ స్థానం. అంతకుముందు 15. మూడేళ్ళయింది, ఒక్క కప్పు కూడా రాలేదు."

హాలంతా నిశ్శబ్దం. కుదిరిన సంబంధం తప్పిపోయిందని కబురొస్తే ఉంటుందే, అలాంటి నిశ్శబ్దం. ముందు వరసలో కూర్చున్న మూడో అంతస్తు పిన్నిగారు, "పోన్లేమ్మా, వచ్చేసారి వస్తుందిలే" అని ఓదార్చారు. నేనేదో పరీక్ష తప్పినట్టు! శాలువా మాత్రం వెనక్కి తీసుకోలేదు, అంతవరకు నయం.

అప్పట్నుంచీ కడుపులో ఉన్నమాట ఇవాళ కక్కేస్తున్నాను. మన ఇళ్ళల్లో ఆడది ఏ పని మొదలుపెట్టినా రెండో రోజుకల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. "ప్రైజేమైనా వచ్చిందా?" ముగ్గులేస్తే ప్రైజొచ్చిందా, పాడితే ప్రైజొచ్చిందా, కథ రాస్తే ప్రైజొచ్చిందా. రాలేదనుకోండి, "మరెందుకూ ఈ తాపత్రయం?" అని రెండో ప్రశ్న. అది పైకి అనకపోయినా కళ్ళల్లో కనిపిస్తూనే ఉంటుంది.

మావారున్నారు. పదిహేనేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్నే షటిల్ ఆడటానికి వెళ్తారు. ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి ఆడే ఆ ఆట చూస్తే షటిల్ కాకే జాలేస్తుంది. అయినా ఈ పదిహేనేళ్ళలో ఒక్క చుట్టమైనా ఆయన్ని "ప్రైజొచ్చిందా అబ్బాయ్?" అని అడగ్గా నేను వినలేదు. ఆయన ఆడితే ఆరోగ్యం, సరదా, నలుగురితో స్నేహం. అదే నేను ఆదివారం పొద్దున బండేసుకుని బెంగుళూరు రోడ్డు పట్టానంటే, ఆ ఆదివారానికి నేను లెక్క చెప్పాలి. కప్పు పట్టుకొస్తే లెక్క సరిపోయినట్టు, లేకపోతే దుబారా. మగవాడికి సరదా చాలు. ఆడదానికి సర్టిఫికెట్టు కావాలి. ఇదెక్కడి న్యాయమండీ?

నాకీ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. మా నాన్న మద్రాసులో రైల్వే ఉద్యోగి. నెల్లూరు నుంచి మద్రాసుకు వచ్చే దారిలో షోలవరం తగుల్తుంది. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటుండేది. 1980ల చివరిదాకా మోటారు పందేలు అక్కడే జరిగేవి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న ఒకసారి తీసుకెళ్ళారు. ఎవరు గెలిచారో నాకిప్పుడు బొత్తిగా గుర్తులేదు. ఎండ, దుమ్ము, కాలిన ఆముదం వాసన, ఆగిపోయిన బండిని గీత దాకా తోసుకొచ్చిన ఒక మనిషి, ఇవి గుర్తున్నాయి. తరువాత 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చింది. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. నేను అక్కడ అడుగుపెట్టడానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. మధ్యలో పెళ్ళి, పిల్లలు, మామగారి జబ్బు. అందరి కథే కదా.

సరే, చేరాను. మేం నడిపేది కొత్తవాళ్ళ పోటీ. ఆడా మగా కలిసే ఉంటారు. బండ్లన్నీ ఒకే రకం, నిర్వాహకులే ఇస్తారు. అంచేత "బండి బాగాలేదండీ" అని సాకు చెప్పుకునే భాగ్యం కూడా లేదు. తేడా అంతా మనిషిలోనే.

మొదటి ఏడాది నా అంతటి మొనగత్తె లేదనుకున్నాను. వెళ్ళినప్పుడల్లా చుట్టుకు రెండు సెకన్లో మూడు సెకన్లో తగ్గేవి. ఏడాది తిరిగేసరికి పదకొండు సెకన్లు తగ్గాయి. రెండో ఏడాది మొత్తం కలిపి సెకనున్నర. మూడో ఏడాది? సెకనులో పదోవంతులు మూడు. అందులో ఒకటి గాలివాటు ధర్మమేమో కూడా తెలియదు. నా దగ్గర చదివే పిల్లలు ముప్ఫై మార్కుల నుంచి అరవైకి ఇట్టే వస్తారు, అరవై నుంచి అరవై రెండుకు రావడానికే ఏడుస్తారు. వాళ్ళని ఇన్నేళ్ళూ ఎంత తేలిగ్గా కసిరానో ట్రాకు మీద తెలిసొచ్చింది. మానేద్దామనిపించేది మొదటి ఏడాది కాదండీ, మూడో ఏడాది. పైకి పోలేమని తెలిశాక, కిందికీ పోవడం లేదని తెలిశాక, అప్పుడు పొద్దున్నే నాలుగింటికి అలారం మోగితే చూడండి మరి!

ఇంతకీ 14వ స్థానం దగ్గర ఏం జరుగుతుందో మీకెవరికీ తెలియదు. పేపరువాళ్ళు అక్కడిదాకా రారు కాబోలు. ముందు పోయే ముగ్గురు నలుగురు ఎవరి దారిన వాళ్ళు పోతారు. అసలు కొట్లాటంతా మా మధ్యలోనే. కాలేజీ చదువు ఇంకా పూర్తికాని ఒక పిల్లా నేనూ రెండేళ్ళుగా ఒకే స్థానం కోసం దెబ్బలాడుకుంటున్నాం. తిన్నని రోడ్డు మీద ఆ పిల్ల వెనక అంటిపెట్టుకుని పోతాను. ముందు బండి గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకున్న వాళ్ళకి గాలి దెబ్బ తగ్గుతుంది, చిన్న బండి కూడా కాస్త ఎక్కువ వేగం అందుకుంటుంది. మొదటి మలుపు దగ్గర పడుతుంటే ఎవరు ముందు బ్రేకు పడతారా అని ఇద్దరం చూస్తాం. నాకు పిల్లలున్నారని నా చెయ్యికి గుర్తొస్తుంది, ముందు నేనే పడతాను. ఆ పిల్లకి గుర్తురావడానికి ఎవరూ లేరు, అది దూసుకుపోతుంది. కానీ ఆలస్యంగా బ్రేకు పట్టినవాళ్ళు మలుపులో వెడల్పుగా పోతారు. నేను లోపలినుంచి ముందుగా థ్రాటిల్ తెరుచుకుని బయటపడతాను. మళ్ళీ పక్కపక్కనే. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు తొయ్యాలి. చూపు ఎటుంటే బండి అటే పోతుంది, గోడవైపు చూశామా గోడకే పోతాం. ఇవన్నీ ఒక్క క్షణంలో చెయ్యాలి. మొదట్లో ఆ పిల్ల నన్ను "ఆంటీ" అనేది. ఒకసారి ఆఖరి మలుపులో దాటేశాను చూశారూ, అప్పట్నుంచీ "అక్కా" అంటోంది. ఇది ప్రైజు కాదంటారా?

మర్యాద పాఠాలు కూడా ఉన్నాయి. మనకంటే ఒక చుట్టు ముందున్నవాళ్ళు వెనకనుంచి వస్తుంటే నీలం జెండా ఊపుతారు. కంగారుపడి పక్కకు లాగకూడదు, మన దారిన మనం నిలకడగా పోతే వాళ్ళే దాటుకుంటారు. మొదటిసారి నాకు ఊపినప్పుడు హెల్మెట్‌లో కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇప్పుడైతే పెళ్ళిపందిట్లో పెద్దవాళ్ళొస్తే కాస్త సర్దుకుని కూర్చున్నట్టే.

మామూలు మనుషులకి పందేల్లో చోటులేదనే మాట ఒట్టిది. ప్రపంచ గ్రాండ్ ప్రి పోటీల్లో ఆదివారం పందెం గెలిచినవాడికి 25 పాయింట్లు, 15వ స్థానంలో వచ్చినవాడికి కూడా 1 పాయింటు. మా చిన్న పోటీల్లో నాదాకా రావు లెండి. ఇంగ్లండు పక్కన ఐల్ ఆఫ్ మన్ అనే దీవిలో 1923 నుంచి సరదాకొద్దీ నడిపే వాళ్ళ కోసమే ప్రత్యేకంగా పందేలు పెట్టారు.

ఆ దీవి పేరెత్తాను గనక ఒకావిడ సంగతి చెప్పక తప్పదు. బెరిల్ స్వైన్. లండన్ ఆవిడ. 1962లో అక్కడి టి.టి. పందెంలో సోలో బండి మీద పాల్గొన్న మొట్టమొదటి స్త్రీ. 50 సి.సి. ఇటోమ్ బండి, అంటే మన మోపెడ్ అంత ఇంజను. 22వ స్థానంలో వచ్చింది. తరువాత పెద్దమనుషులు ఏం చేశారో తెలుసా? ఈ పందేలు ఆడవాళ్ళకి ప్రమాదమని చెప్పి ఆవిడ అంతర్జాతీయ లైసెన్సు లాగేశారు. మళ్ళీ ఇంకో స్త్రీ సోలో బండి మీద ఆ పందెంలో దిగింది 1978లో. అదే పందెంలో నడిపిన అంతంతమాత్రపు మగవాళ్ళ లైసెన్సుల జోలికి ఎవరైనా పోయారా? ప్రమాదం వాళ్ళకి మాత్రం కాదూ? ఆవిడే గనక మొదటి స్థానంలో వచ్చి ఉంటే అంత తేలిగ్గా లాగేసేవారా అని నాకు అనుమానం. మామూలుగా నడిపే మగవాడు అక్కడ ఉండవచ్చు. మామూలుగా నడిపే ఆడది ఉండాలంటే మాత్రం అసామాన్యురాలై తీరాలి! మా అపార్ట్‌మెంటు కార్యదర్శిగారు నన్ను బలవంతాన చాంపియన్ని చేసింది కూడా ఇందుకే. మామూలు ఆడదానికి శాలువా కప్పడానికి ఆయన దగ్గర మాటలు లేవు, పాపం.

అడిగేవాళ్ళందరూ దుర్మార్గులని నేననడం లేదు. ప్రమాదం మాట నిజం. రెండో ఏడాది పడ్డాను, మెడ కింద ఎముక చిట్లింది. ఆరు వారాలు మా అత్తగారే అన్నం కలిపి ముద్దలు పెట్టారు. పెడుతూ తిట్టారు, తిడుతూ పెట్టారు. ఆ తిట్లకి నా దగ్గర జవాబు లేదు. డబ్బు మాటా నిజమే. నా ట్యూషన్ డబ్బుల్లో సగం దానికే పోతుంది, ఆ డబ్బుతో చీటీ వేసుంటే ఈపాటికి రెండు జతల గాజులొచ్చేవి. ప్రమాదమని అనండి, ఖర్చని అనండి, కూర్చుని వాదించుకుందాం. ప్రైజు రాలేదు గనక మానెయ్యమంటే మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను.

ఇంత చెప్పేదాన్ని, నేనేం తక్కువ తిన్నాను కాదు. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. చేపపిల్లలా ఈదేది. నిరుడు ఏదో పోటీలో ఆరో స్థానం వచ్చింది. ఒళ్ళు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "ఫస్టు ఎవరికొచ్చింది?" అన్నాను. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. నెల తిరక్కుండా ఈతకు వెళ్ళడం మానేసింది. చదువు ఎక్కువైంది కాబోలనుకున్నాను. శాలువా కప్పించుకున్న రోజు రాత్రి, నేను పిన్నిగారి ఓదార్పు గురించి అందరికీ చెప్పి వాపోతుంటే, అమ్మాయి తల ఎత్తకుండానే, "నాకు ఆరోది వచ్చినప్పుడు నువ్వేమన్నావమ్మా?" అంది. మావారు ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇంతవరకు అది మళ్ళీ కొలను మొహం చూడలేదు. రమ్మని నేను బతిమాలడమూ లేదు. ఏ మొహం పెట్టుకుని బతిమాలను? ట్రాకు నుంచి వచ్చాక మాత్రం స్టాప్‌వాచీ కాగితాలు భోజనాల బల్ల మీద పరిచి ఎక్కడ ఎంత పోయిందో లెక్కలేసుకుంటాను. ఎనిమిదో మలుపులో ఒక పదోవంతు, చివరి మలుపులో రెండు. అప్పుడప్పుడు అది వెనక నిలబడి చూస్తుంది. ఒకరోజు, "ఇక్కడ నువ్వు భయపడ్డావు కదూ?" అంది. నిజమే, భయపడ్డాను. ఇన్నేళ్ళలో నా పందెం గురించి నన్నెవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే.

మీ ఇళ్ళల్లోనూ ఉంటారు చూడండి. నలభయ్యేళ్ళకు వీణ పట్టుకున్న వదినగారు, రంగులు కలుపుతూ చీర పాడుచేసుకునే తోడికోడలు, చదరంగంలో ఎప్పుడూ ఓడిపోయే చెల్లెలు. ప్రైజు సంగతి వదిలేసి, ఏ తీగ దగ్గర వేలు నొప్పెడుతోందో, ఏ ఎత్తు దగ్గర చిక్కుకుపోయిందో అడగండి. అరగంట చెప్తారు, కాఫీ కూడా ఇస్తారు.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్ళీ పోటీ ఉంది. సరిగ్గా ఆ రోజే మా మరదలికి సీమంతం పెట్టుకున్నారు. పందెం పొద్దునే అయిపోతుంది, స్నానం చేసి సాయంత్రానికి వచ్చేస్తానని ఫోన్ చేశాను. "రా వదినా, కానీ ఎన్నో స్థానమో చెప్తేనే నీచేత గాజులు తొడిగించుకుంటాను" అంది. చెప్పకపోతే ఏం చేస్తుందో చూడాలి. ఆ రోజుకు ముంజేతిదాకా గ్రీజు ఉంటుంది నాకు.