బస్సెక్కించడం ఓటెయ్యడం కాదు

జీతాలు ప్రభుత్వమిస్తే ప్రైవేటు యాజమాన్యాలు నడిపే ఎయిడెడ్ బడి ఎవరి చేతిలో ఉండాలో తల్లిదండ్రులనే ఓటడుగుదామంటే హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా ఒకటే జవాబు: "పిల్లల్ని ప్రైవేటు బడి బస్సెక్కించిన రోజే తల్లిదండ్రులు ఓటేసేశారు, ఇంకా వాళ్లనడిగేదేముంది?" టీకొట్టు దగ్గర పుట్టిన ఈ మాట ఇప్పుడు చదువుల గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దల నోట్లోనూ నానుతోంది. శుద్ధ అబద్ధం.

ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి ఆపేసింది ప్రభుత్వం. లెక్కల సారు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ. ఆ తర్వాత ఇంగ్లిషు సారు. చెప్పేవాళ్లు లేని బడిలో బిడ్డను ఏ తల్లి ఉంచుతుంది? ఇంట్లో మగ్గం మీద పట్టుచీర నేసి, అప్పు చేసి ఫీజు కట్టే ధర్మవరం నేతగాడిది ఇష్టం కాదు, గత్యంతరం లేకపోవడం. దాన్ని ఓటుగా లెక్కేసే పెద్దమనుషులు నిజమైన ఓటు పెట్టమంటే ఎందుకు ఉలిక్కిపడతారు?

2021 ఆగస్టులో ఏం జరిగిందో గుర్తుందా? ఆస్తులతో సహా సంస్థను అప్పగించండి, లేదా ఎయిడెడ్ సిబ్బందిని ఇచ్చేసి ప్రైవేటుగా నడుపుకోండి అని సర్కారు అడిగింది. ఎవర్ని? యాజమాన్యాలను. ఫీజు కట్టాల్సినవాళ్లకు ఆ కాగితంలో ఒక్క గడి లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎయిడెడ్ బడికీ కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. అయినా వాళ్ల సంతకం అక్కర్లేకపోయింది.

అడగనందుకు ఫలితం అనంతపురంలో కనబడింది. అదే ఏడాది నవంబర్ 8న ఎయిడెడ్ కాలేజీ అయిన ఎస్‌ఎస్‌బీఎన్ విద్యార్థులు దీన్ని వ్యతిరేకిస్తూ రోడ్డెక్కితే పోలీసు లాఠీ లేచింది. నాలుగు రోజులకే, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని ప్రభుత్వం మెమో ఇచ్చింది. ఆ వెసులుబాటూ యాజమాన్యాలకే!

ఈ ప్రాంతంలో జనాన్ని అడగకపోవడం కొత్తేమీ కాదు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు పోయాయి. నాలెడ్జి జాడ లేదు.

2021లో ఎస్‌ఎస్‌బీఎన్ విద్యార్థులకు అండగా అనంతపురం వచ్చిన నారా లోకేశ్ ఇప్పుడు విద్యాశాఖ మంత్రి. 2025 జులై 10న ముఖ్యమంత్రితో కలిసి కొత్తచెరువు హైస్కూల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో కూర్చున్నారు. రాష్ట్రమంతటా తల్లిదండ్రులు బడులకొచ్చారు. గిన్నిస్ రికార్డు అంటూ ఒకటే హడావిడి. అంతమందిని పిలిచినవాళ్లకు ఒక్క చీటీ ఇచ్చి "మీ బడి ఎవరి చేతిలో ఉండాలి?" అని అడగడానికి చేతులు రాలేదు.

ఓటు ఎందుకు పెట్టరంటే, జనానికి ఇలాంటివి అర్థం కావట. అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు సంస్థలు నడిపే చార్టర్ స్కూళ్లను పెంచాలా అని 2016లో మసాచుసెట్స్ ఓటర్లనే అడిగారు. దాదాపు 62 శాతం వద్దన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2012లో అలాంటి స్కూళ్లకు ఓటర్లు బొటాబొటీగా సరేనన్నారు, 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అయితే ఏమిటి? కోర్టు కొట్టేస్తుందన్న భయంతో ఇక్కడ ఎన్నికలు మానేస్తున్నారా?

బడుల్లోకి రాజకీయం దూరుతుందన్నది ఇంకో సాకు. యాజమాన్యాల కుర్చీల్లో ఎవరున్నారో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.

పెనుకొండలోనో ధర్మవరంలోనో ఒక ఎయిడెడ్ బడిని తీసుకుని, ఒక ఆదివారం తల్లిదండ్రులకు రహస్య ఓటు పెట్టాలి. ఎంతమంది వేస్తే చెల్లుతుంది, పూర్వ విద్యార్థులకు ఓటుండాలా వద్దా అన్నవి తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఖాళీ పోస్టులు నింపి, ఒక్క ఏడాది బడిని సరిగ్గా నడిపి, అప్పుడు ఓట్ల డబ్బా పెట్టాలి.