సంతకం వచ్చింది, చదువు రాలేదు

ఆదివారం ఆరాధనకు మన తల్లులు చాలామంది బైబిలు చంకన పెట్టుకుని వస్తారు. వాక్యభాగం చెప్పగానే పక్కన కూర్చున్న పిల్ల పేజీ తీసి ఇస్తుంది. చూపు పేజీ మీదే ఉంటుంది, పని చేసేది మాత్రం చెవి. కీర్తనలు అన్ని చరణాలూ కంఠతా వచ్చు. అందుకే వారికి చదువు రాదన్న సంగతి కాపరికి కూడా ఏళ్ల తరబడి తెలియకుండా పోతుంది. నాకూ అలాగే జరిగింది. మిరపకోతలకు వెళ్లే ఒక అమ్మ ఆరాధన ముగిశాక ఫోను నా చేతికిచ్చి, "అయ్యగారూ, ఇందులో ఏముందో కాస్త చూసి చెప్పండి" అంది. డ్వాక్రా అప్పు వాయిదా గురించి తెలుగులోనే వచ్చిన సందేశం. ఆమె గ్రూపు పుస్తకంలో సంతకం చక్కగా పెడుతుంది. ఎప్పుడో ఎవరో నేర్పారు. ఆ నాలుగు అక్షరాలు దాటి ఐదోది రాదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2011 జనగణనలో అప్పటి గుంటూరు జిల్లా అక్షరాస్యత 67.4 శాతం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తెనాలి వంటి చదువుల ఊళ్లు అటు ఉండిపోయాయి, బొల్లాపల్లి, వెల్దుర్తి తండాలు పల్నాడుకు వచ్చాయి. ఇక 2023-24 కేంద్ర కార్మిక సర్వే ప్రకారం ఏడేళ్లు, ఆపైబడినవారిలో అక్షరాస్యత మన రాష్ట్రంలో 72.6 శాతం. బీహారు కూడా మనకంటే పైనే ఉంది. ఇన్ని ఇంజనీరింగు కాలేజీలున్న రాష్ట్రానికి ఇది సిగ్గుపడవలసిన లెక్క.

ఈ పనిలో రోటరీ, లయన్స్ వంటి సేవా క్లబ్బులు ఏం చేయగలవు? రోటరీ ప్రపంచమంతటా సెప్టెంబరును ప్రాథమిక విద్య, అక్షరాస్యతల నెలగా పాటిస్తుంది. మన దేశంలో వయోజన విద్య కూడా వారి అక్షరాస్యతా మిషన్‌లో ఒక భాగం. అయినా మన పట్టణాల్లో మనకు కనబడేది ఎక్కువగా నోటు పుస్తకాల పంపిణీ, ఒక ఫ్లెక్సీ, ఒక ఫొటో. నిందించడానికి అనడం లేదు. మన సంఘాలు చేసేదీ అదే, మన పత్రికలో ఆ ఫొటోలు వేసేదీ నేనే. కానీ బడి పిల్లవాడికి పుస్తకం ఇస్తే వాడి అమ్మకు చదువు రాదు.

క్లబ్బులకు ఓపిక లేదనడానికీ వీల్లేదు. రోటరీ 1985లో పోలియో పని ఎత్తుకుంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో లేని దేశమన్న ధ్రువీకరణ వచ్చింది. అధ్యక్షులు ఏటా మారినా పని మారలేదు. అక్షరాస్యతలో చిక్కంతా అక్కడే ఉంది. క్లబ్బు సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. కొత్త అధ్యక్షుడు కొత్త కార్యక్రమం కోరుకుంటాడు. చదువేమో రెండు చుక్కలు వేస్తే అయిపోయేది కాదు. కేంద్రం 2022లో మొదలుపెట్టిన ఉల్లాస్ పథకంలో పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకు జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులే చదువు చెప్పాలి. (వాలంటీరు అనే మాటకు మన దగ్గర ఇటీవల వేరే అర్థం వచ్చింది కనుక ఆ మాట వాడటం లేదు.) దానికి పెట్టిన కాలం 200 గంటలు. చివర చదవడం, రాయడం, లెక్కలు, మూడింటిలో పరీక్ష.

200 గంటలను మన ఊరి క్యాలెండరు మీద పరచి చూడండి. రోజుకు గంటన్నర, ఆదివారాలు తీసేస్తే ఐదు నెలలు దాటుతుంది. జనవరి దాటితే మిరపకోతలు, ఆడవాళ్లు చీకటితో వెళ్లి చీకటికి వస్తారు. కాబట్టి జులైలో మొదలైతేనే డిసెంబరుకు గట్టెక్కుతుంది. మధ్యలో పత్తితీతలకు కొన్ని రోజులు పోతాయి, వాటినీ లెక్కలో పెట్టుకోవాలి. క్లబ్బు కొత్త సంవత్సరమూ జులైలోనే మొదలవుతుంది. అంటే ఒక అధ్యక్షుడు తన కాలంలోనే ఒక తరగతిని పరీక్ష దాకా తీసుకెళ్లవచ్చు.

మరో సంగతి చాలామంది మరిచిపోతారు. నలభై దాటిన మనిషికి దగ్గరి చూపు మందగిస్తుంది. వాచకం ఎదురుగా పెడితే అక్షరాలు అలుక్కుపోతాయి. ఆమె "నా బుర్రకు ఎక్కదులే" అని లేచి వెళ్లిపోతుంది. తప్పు బుర్రది కాదు, కంటిది. 1925లో హెలెన్ కెల్లర్ పిలుపు విన్నప్పటి నుంచి లయన్స్ కంటి సేవకు పేరుపడ్డారు. తరగతి మొదలయ్యే ముందు రోజు కంటి పరీక్ష చేసి చదువుకునే అద్దాలిస్తే, నోటు పుస్తకాల కట్టకంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఏం చెబుతున్నామన్నది కూడా చూసుకోవాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షర ఉద్యమంలో, సారా వల్ల చితికిన సంసారం కథ వాచకంలో పాఠంగా వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు అది తమ కథేనని గుర్తుపట్టారు. సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మన ఊళ్లలో వాచకం డ్వాక్రా పాసుపుస్తకం కావచ్చు, పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక కావచ్చు. తండాల్లో ఇంటి భాష లంబాడీ, తెలుగు రెండో భాష. అక్కడ పట్నం నుంచి వెళ్లినవారికంటే తండాలో పది చదివిన అమ్మాయే మంచి గురువు. ఆమెను వెతికి, శిక్షణ ఇప్పించి, దారి ఖర్చులు చూసుకోవడం క్లబ్బు చేయదగిన పని.

మరి సంఘం? 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ ఆ తర్వాత గురజాల చేరి పనిచేశాడు. మిషనరీలు వెళ్లినచోటల్లా ప్రార్థన, బడి జంటగా నడిచాయి. ఈనాడు మన మందిరాలకు కరెంటు, ఫ్యాన్లు, చాపలు ఉన్నాయి, వారంలో ఐదు రాత్రులు తాళం ఉంటుంది. తాళం తీయడం సులువే. కష్టమైనది వేరే ఉంది. మందిరం పల్లెలో ఉంటే ఊళ్లోని ఆడవాళ్లు అక్కడికి రావడానికి జంకుతారు, ఇది మనందరికీ తెలిసిన నిజం. అలాంటి చోట తరగతి అంగన్‌వాడీలోనో బడిలోనో పెట్టి, మన యవనస్థులే అక్కడికి వెళ్లాలి. చదువు చెప్పేచోట బాప్తిస్మం మాట ఎత్తకూడదు. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఫిలిప్పు, ఆ ఐతియొపీయుడు పిలిచాకే రథమెక్కి పక్కన కూర్చున్నాడు.

ఈసారి మా ఊరి క్లబ్బు పెద్దలు ఎప్పటిలాగే ఎన్ని నోటు పుస్తకాలు కావాలని అడిగారు. ముప్పై కళ్లజోళ్లు, ఒక నల్లబల్ల, డిసెంబరు దాకా వారానికొకసారి వచ్చి తరగతి చూసి వెళ్లే ఒక మనిషి కావాలన్నాను. కళ్లజోళ్లకు, బల్లకు వెంటనే సరేనన్నారు. మనిషి గురించి వచ్చే సమావేశంలో చెబుతామన్నారు.