గీత గీయుటకు ముందు ప్రజల నడుగుడు

హిందూమహాసముద్రమున ఇంచుమించు లక్ష జనాభాగల సీషెల్స్ ద్వీపదేశము, 1976లో స్వతంత్రమై, మరుసటి యేడే సాయుధ తిరుగుబాటుతో ఆల్బర్ట్ రెనె చేజిక్కి, 1979 రాజ్యాంగముతో ఏకపక్షపాలనను శాసనబద్ధము గావించుకొని, తుదకు 1991 డిసెంబరులో బహుపక్షవ్యవస్థకు మరల నిశ్చయించెను. నూతన రాజ్యాంగ ముసాయిదాపై 1992 నవంబరులో ప్రజాభిప్రాయము సేకరింపగా నూటికి 53 మందికి పైగా ఔననిరి; ఐనను 60 మంది ఆమోదము వలయునను నియమమున్నందున ముసాయిదా వీగిపోయెను. దానిని మరల చర్చించి, సవరించి, 1993 జూనులో ప్రజల ముందుంచగా నూటికి 73 మందికి పైగా ఆమోదించిరి. పిమ్మటి ఎన్నికలలో రెనెయే గెలిచెననుట వేరు మాట.

ఈ దూరద్వీపముతో జహీరాబాదు వారికేమి పని? 1956 నవంబరు 1కి పూర్వము మన తాలూకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము నిర్ణా సర్కిలును విడదీసి తక్కిన జహీరాబాదును, న్యాల్కల్ సర్కిలును, నారాయణఖేడ్ తాలూకాను ఆంధ్రప్రదేశమున జేర్చెను. తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ నాలుగును వినవచ్చు ఈ సీమలో గీత యెచ్చట పడవలెనో ఓటు వేసి చెప్పుడని, సీషెల్స్ ప్రజల నడిగినట్లు, మనవారి నెవ్వరును అడుగలేదు. అంతకు ముందేడు రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణకై నియమింపబడిన ఫజల్ అలీ సంఘము, తెలంగాణమును ప్రత్యేకముగనే యుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిదప దాని శాసనసభలో మూడింట రెండువంతుల మంది కోరిననే ఆంధ్రముతో కలుపవలెనని సూచించియుండెను. ఆ జాగ్రత్తను పెద్దలు త్రోసిపుచ్చి, 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసికొన్న పెద్దమనుషుల ఒప్పందముతో పని ముగించిరి. సంతకములు నాయకులవి, ఫలము ప్రజలది. 1969లో ప్రత్యేక రాష్ట్రమునకై తెలంగాణము భగ్గుమన్నది.

రాష్ట్రముల సరిహద్దులను మార్చు పద్ధతిని చెప్పు మన రాజ్యాంగము 3వ అధికరణము నేటికిని అట్లే యున్నది. శాసనసభ అభిప్రాయము నడిగిన చాలును, పాటింప నక్కరలేదు. మనకు ప్రియమైన 2014 ఆంధ్రప్రదేశ విభజనయు, ఉమ్మడి శాసనసభ బిల్లును తిరస్కరించినను, ఆ దారినే జరిగెను. ఫలము తీయనిదైనంత మాత్రమున పద్ధతి మంచిదనుట న్యాయము గాదు. ఐతే అడుగవలసినది ఎవరి గడ్డ మారునో వారిని. పెద్ద ప్రాంతపు ఓట్లతో చిన్న ప్రాంతపు కోరికను ముంచుట అభిప్రాయసేకరణ మనిపించుకొనదు.

రాష్ట్రముల సరిహద్దులను మార్చు ఏ బిల్లైనను, మార్పునకు లోనగు ప్రాంతమున ఓటు వేసినవారిలో నూటికి 60 మంది ఆమోదము లేనిదే పార్లమెంటు ముందునకు రారాదని 3వ అధికరణమును సవరింపవలెను. మన ప్రాంతపు పార్లమెంటు సభ్యులు పక్షభేదము మాని ఈ సవరణను ప్రతిపాదింపవలెనని కోరుచున్నాము.