పడకటింటి దుఃఖము సంఘమునకు పట్టదా?



మన సంఘములలో ఒక దుఃఖమున్నది. ప్రార్థన విన్నపముల చీటీలలో దానికి చోటు లేదు. జ్వరము కొరకు చీటీ వచ్చును, పంట కొరకు వచ్చును, కుమారుని ఉద్యోగము కొరకు వచ్చును. కాని పెండ్లియై మూడేండ్లైనను తాము భార్యాభర్తలుగా కలియలేకున్నామని యే దంపతులును చీటీ వ్రాయరు. కలయికలోని బాధచేత భార్య రాత్రి యనిన వణకుచున్నదనియు, షుగరు వ్యాధి వచ్చినది మొదలు భర్త సిగ్గుపడి వాకిట మంచము వేసికొనుచున్నాడనియు ఎవరును చెప్పరు. ఏల చెప్పరు? మనము వినుటకు సిద్ధముగా లేమని వారెరుగుదురు.

ఇట్టి మాటలు దేవుని మందిరములో తగునా యని కొందరు పెద్దలు కోపపడుదురు. అయ్యా, మీ చేతనున్న గ్రంథము ఈ సంగతిని గూర్చి సిగ్గుపడినదా? దాసిగా కొనబడి భార్యయైన స్త్రీకి సయితము ఆహారమును, వస్త్రమును, కాపురపు ధర్మమును తక్కువ చేయరాదని నిర్గమకాండము 21వ అధ్యాయము విధించుచున్నది. క్రొత్తగా పెండ్లియైన వానిని ఒక సంవత్సరము యుద్ధమునకు పంపరాదనియు, అతడు ఇంట నుండి భార్యను సంతోషపెట్టవలెననియు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో నున్నది. పెండ్లియైన నెలకే కొడుకును గల్ఫు దేశమునకు పంపు తలిదండ్రులు దీనిని చదివిరా? కొరింథు సంఘమువారు ఈ సంగతినే ఉత్తరము వ్రాసి అడిగిరి. అపొస్తలుడు ఛీ యనలేదు. మొదటి పత్రిక 7వ అధ్యాయములో తేటగా జవాబు వ్రాసెను. ఆయన వ్రాయగలిగినది మనము పలుకలేమా?

సంఘము నోరు మూసికొనినప్పుడు ఎవరు నోరు తెరచుచున్నారో చూడుడి. బస్టాండు గోడలు మాటలాడుచున్నవి. నరముల బలహీనత, మగతనము, రహస్య రోగములు అను పెద్ద అక్షరములను మీ పిల్లలు చదువుచున్నారు. కామశక్తిని పెంచుదుమని మందులను ప్రకటించుటను 1954వ సంవత్సరములోనే చట్టము నిషేధించినది. అయినను గోడలు ఊరకుండలేదు. వీర్యము పోవుటచేత బలమంతయు పోవునని కుమిలిపోవు యువకులు మన దేశములో అనేకులు. ఈ భయమును 1960లో డాక్టరు ఎన్. ఎన్. విగ్ వర్ణించి, ధాతు రోగమను పేరు పెట్టెను. నిద్రలో వీర్యము పోవుట రోగము కాదు, పాపమును కాదు. అది శరీర ధర్మము. ఈ ఒక్క మాట యువజన కూటములో ఒక పెద్దమనిషి చెప్పియుండినయెడల ఎంత డబ్బు, ఎంత కన్నీరు మిగిలియుండును!

ఇక స్త్రీ మాట. పెండ్లియై యేండ్లు గడిచి బిడ్డలు లేనియెడల ఆమె చెవిని బడు మొదటి మాట గొడ్రాలు. బిడ్డలు లేరని వచ్చు దంపతులలో కొందరికి అసలు కలయికయే జరుగలేదని వైద్యులెరుగుదురు. భయముచేత ఆమె కండరములు ఆమె ఇష్టము లేకయే బిగిసికొనియుండవచ్చును. భర్తయే అశక్తుడై యుండవచ్చును. అట్టి ఇంటికి మనము పోయి, లోబడియుండుమమ్మా, ప్రార్థించుమమ్మా యని చెప్పి, కాఫీ త్రాగి వచ్చుచున్నాము. కొందరైతే దురాత్మ పట్టినదని నూనె పూయుచున్నారు. ఇది కాపరి పనియా?

మరికొందరు పౌలు మాటను కర్రగా చేసి భార్యమీద ఎత్తుదురు. ఆ అధ్యాయమును 3వ వచనము నుండి నిదానముగా చదువుడి. అక్కడ మొదట బాధ్యత మోపబడినది భర్తమీద. భార్య శరీరము ఆమె సొంతము మాత్రమే కాదని వ్రాసిన కలమే భర్త శరీరము అతని సొంతము మాత్రమే కాదనియు వ్రాసెను. ఎడబాటు సయితము ఒకరి ఆజ్ఞచేత గాక ఉభయుల సమ్మతిచేతనే, కొంతకాలమునకే యని ఆయన బోధ. సగము వచనము పట్టుకొని బలవంతము చేయువాడు పౌలు శిష్యుడు కాడు.

ఈ ఉభయ సమ్మతియే నేటి దాంపత్య చికిత్సకును పునాది. అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణములో విలియం మాస్టర్స్ అను వైద్యుడును, వర్జీనియా జాన్సన్ అను స్త్రీయును అనేక దంపతులకు చికిత్స చేసి, 1970లో ఆ విధానమును గ్రంథముగా ప్రకటించిరి. వారి మాటలన్నిటిని మనము అంగీకరింప నక్కరలేదు. కాని రెండు సంగతులు వారి యొద్ద నేర్చుకొనదగినవి. మొదటిది, తప్పు భర్తదా భార్యదా యని వారు వెదకలేదు. చికిత్స ఇద్దరి మధ్యనున్న బంధమునకే గనుక ఇద్దరిని కలిపి పిలిచిరి. చికిత్స చేయువారును ఒక పురుషుడు, ఒక స్త్రీ. రెండవది, ఓడిపోదునేమో యను భయమే మరల ఓటమిని తెచ్చునని గ్రహించిరి. కాబట్టి మొదట కొన్ని దినములు కలయికను మానిపించి, ఒకరినొకరు మెల్లగా తాకుటయు, ఏది హితమో ఏది బాధయో చెప్పుకొనుటయు నేర్పిరి. భయము తగ్గిన కొలది ముందుకు నడిపించిరి. సమ్మతితో కొంతకాలము ఆగి మరల కలిసికొనుట మన గ్రంథమునకు క్రొత్తయా?

శరీరములో వ్యాధియున్నచోట మాట మాత్రమే చాలదు. షుగరు వ్యాధి, రక్తపోటు, పొగాకు, సారాయి పురుషుని శక్తిని తగ్గించును. రక్తపోటుకును మనోవ్యాధికిని ఇచ్చు కొన్ని మందులును అట్లే చేయును. అయినను మాత్రలను మీ యంతట మీరు మానక వైద్యునికి తెలుపుడి. స్త్రీకి కాన్పు కుట్లు, పుండ్లు, పాలిచ్చు కాలమందును ముట్లుడిగిన తరువాతను కలుగు పొడితనము బాధకు కారణములు, వీటికి వైద్యమున్నది. సిల్డెనాఫిల్ అను మాత్రను మందుల దుకాణములో గుట్టుగా కొనువారు ఇది వినుడి: గుండెనొప్పికి నాలుక క్రింద మాత్ర పెట్టుకొనువాడు దానిని మ్రింగినయెడల రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణము పోవచ్చును. సిగ్గుచేత చచ్చుటకంటె వైద్యుని అడుగుట మేలు గదా.

ఒక హెచ్చరిక. భర్త కొట్టుచున్న ఇంట, బలవంతము చేయుచున్న ఇంట ఇద్దరిని ఒక బల్ల యొద్ద కూర్చుండబెట్టకుడి. భయపడు స్త్రీ భర్త యెదుట నిజము పలుకదు. ఆమెతో ఒంటరిగా ఒక స్త్రీ మాటలాడవలెను. 2005వ సంవత్సరపు గృహహింస చట్టము లైంగిక హింసను కూడ హింసగానే ఎంచినది. చట్టము ఎరిగినదానిని సంఘము ఓర్పు అని పేరు పెట్టి కప్పిపుచ్చరాదు.

కాపరులారా, మీకు మూడు మాటలు. పెండ్లి ప్రకటనలు మూడు ఆదివారములు చదువుచున్నారు గదా. ఆ దినములలోనే వరునికి మీరును, వధువునకు అమ్మగారును తేటగా బోధింపుడి. పెండ్లియైన కొన్ని నెలలకు వారింటికి పోయి, అంతయు క్షేమమా, ఇద్దరికిని నెమ్మదియున్నదా యని అడుగుడి. వైద్యము మీ పని కాదు గనుక అవసరమైన చోట వైద్యుని యొద్దకు పంపుడి. విన్నది మీ గుండెలోనే సమాధి చేయుడి. ఒకరి పడకటింటి మాటను మరుసటి ఆదివారము పేరు లేకుండ ప్రసంగములో చెప్పువాడు ఆ సంఘములో మరి యే నోరును తెరువనీయడు; చిన్న పల్లెలో పేరు చెప్పనక్కరలేదు.

దంపతులారా, మీకును ఒక మాట. దీపము ఆర్పిన తరువాత ఒకరికొకరు వెన్ను త్రిప్పి పండుకొని, తెల్లవారి మందిరములో ప్రక్క ప్రక్కన నిలిచి పాటలు పాడుట ఎంతకాలము? ఈ వారము మీలో ఒకరు ముందుగా నోరు తెరువుడి. నింద వేయక, నీకేమి బాధ యని అడుగుడి. జవాబు వచ్చువరకు ఓర్చుకొనుడి. తరువాత ఇద్దరును చేతులు పట్టుకొని ప్రార్థించి, అవసరమైనయెడల ఇద్దరును కలిసియే వైద్యుని గుమ్మము ఎక్కుడి. ఏదెను తోటలో మిమ్మును జతపరచిన దేవుడు ఆ గుమ్మము దగ్గర మిమ్మును చూచి సిగ్గుపడడు.