చిల్లంగి భయం ఉన్నచోట మాంత్రికుల కథలు వద్దా?

అడ్డతీగల: మాంత్రికుడు, రాక్షసుడు, మంత్రదండం, నిధి. ఈ నాలుగూ ఉన్న పుస్తకాలను మన్యం పిల్లల చేతికి ఇవ్వవచ్చునా, కూడదా? చందమామ పాత సీరియళ్లు పుస్తకాలుగా తిరిగి వచ్చిన తర్వాత ఈ ప్రశ్న మా ఊళ్లో నలుగురు చదువరులు కలిసినప్పుడల్లా వస్తూనే ఉన్నది. మైదానం ఊళ్లలో అయితే ఇది కాలక్షేపం కబురు. మనకు కాదు. ఇక్కడ మాంత్రికుడు పుస్తకంలో మాత్రమే ఉండడు. జ్వరం తగ్గకపోయినా, పసిబిడ్డ పోయినా, పశువు కూలబడినా 'చిల్లంగి పెట్టారు' అనే మాట నేటికీ మన గూడేలలో వినబడుతున్నది. ఆ మాట ఎవరో ఒక ముసలాయన మీదనో, దిక్కులేని ఆడమనిషి మీదనో పడుతుంది. పడిన తర్వాత ఆ మనిషికి ఊళ్లో నిప్పు పుట్టదు, నీళ్లు పుట్టవు. ప్రాణాలు తీసిన సంఘటనలు కూడా మన కొండల్లో జరగకపోలేదు. ఇది మన ఒక్కరి జాడ్యమూ కాదు. మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని ఆపేందుకు బీహారు 1999లోనూ, మన పొరుగునే ఉన్న ఒడిశా 2013లోనూ ప్రత్యేకంగా చట్టాలు చేయవలసి వచ్చింది.

అందుచేత ఒక రిటైర్డు మాస్టారు ఇలా అంటున్నారు: "ఉన్న భయాలు చాలవా? చదువు రావాలని ఆశ్రమ పాఠశాలకు పంపితే అక్కడ కూడా మంత్రాలేనా? లెక్కలు, సైన్సు పుస్తకాలు ఇవ్వండి." ఆయన మాటను తీసిపారేయడానికి వీల్లేదు. ముప్పై ఏళ్లు గూడేలలో పాఠం చెప్పిన మనిషి. చిల్లంగి పేరుతో జరిగిన గొడవల్లో మధ్యకు వెళ్లి నిలబడినవాడు. అయినా ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించలేకపోతున్నాను.

ముందుగా ఆ సీరియళ్ల సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. చందమామ 1947 జూలైలో మొదలైంది. అందులో 1954లో 'తోకచుక్క' అనే సీరియల్ వచ్చింది. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అంటూ డెబ్బయ్యవ దశకం దాకా మొత్తం 12 వచ్చాయి. అన్నీ రాసినవారు ఒక్కరే, దాసరి సుబ్రహ్మణ్యం. గుంటూరు జిల్లా మనిషి. మద్రాసులో చందమామ ఆఫీసులో 1952 నుంచి 2006 వరకు పనిచేసి 2010లో కాలం చేశారు. సీరియల్ మీద ఆయన పేరు వేసేవారు కాదు. అన్ని భాషల పిల్లలు నెల నెలా ఎదురుచూసిన రచయిత పేరు ఆ పిల్లల్లో చాలామందికి తల నెరిసే దాకా తెలియలేదు. ఆ బొమ్మలు వేసిన చిత్రా పేరు తెలియని చదువరి మాత్రం లేడు!

ఇక మావాళ్ల అభిప్రాయాలు. మా బజారులో మిషను కుట్టే ఒక పెద్దాయనకు తోకచుక్కలోని ఏకాక్షి మాంత్రికుడంటే ప్రాణం. ఒంటికంటివాడు, వాడి వెనుక కాలభుజంగం, కంకాళం. 'విలనంటే వాడే' అంటారాయన. ఒక జీపు డ్రైవరు దీనికి ఒప్పుకోడు. నాలుగు కళ్ల చతుర్నేత్రుడు, వాడి గుడ్లగూబ, వాడి నరవానరుడి ముందు ఏకాక్షి ఏపాటి అంటాడు. ఈ తగాదా తెగదు. కథానాయకుడు సమరసేనుడి మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తకపోవడం విచిత్రం. పాపం, కుండలినీ ద్వీపం నుంచి ఓడలు కట్టుకుని వచ్చినవాడు అతనే. ఒక అంగన్‌వాడీ కార్యకర్త చెప్పిన మాట కూడా న్యాయమైనదే: "ఈ కథల్లో రాజకుమార్తె ఉండేది రాక్షసుడు ఎత్తుకుపోవడానికి, లేకపోతే ఆఖరున పెళ్లి చేయడానికి. మధ్యలో ఆవిడకు పనే లేదు." దీనికి నా దగ్గర జవాబు లేదు.

మాస్టారి అభ్యంతరానికి మాత్రం ఉంది. ఈ కథల్లో మాంత్రికుడు ఎటువంటివాడో చూడండి. ఏకాక్షికి, చతుర్నేత్రుడికి కావలసింది ఒకే నిధి. దానికోసం ఒకడి మంత్రాన్ని ఒకడు విరిచేసుకుంటూ అడవంతా పరుగులు పెడతారు. రాకాసిలోయలో బ్రహ్మదండి మాంత్రికుడు అంతటి దండం చేతపట్టుకుని కూడా కేశవుడి సాయం లేనిదే నిధి వైపు పోలేడు. అంటే మాంత్రికుడికి ఆశ ఉంది, భయం ఉంది, అవసరం ఉంది. కనుక వాణ్ణి బోల్తా కొట్టించవచ్చు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాలో జరిగిందీ అదే. బలి ఇద్దామని తోటరాముణ్ణి తెచ్చిన నేపాళ మాంత్రికుడు తానే బలైపోయాడు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే చందమామను నడిపినవారు. చందమామలో ఏళ్ల తరబడి కథల మంచిచెడ్డలు చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారు హేతువాది. మూఢనమ్మకాలను ఏనాడూ సమర్థించని మనిషి. ఆయన కళ్లముందే ఈ సీరియళ్లు సాగాయి. ఆలోచించండి.

పిల్లవాడు ఇవి చదివి చిల్లంగిని నమ్ముతాడా? నాకు తెలిసి నమ్మడు. కుండలినీ ద్వీపం ఎక్కడా లేదని వాడికి తెలుసు. నాలుగు కళ్ల మనిషి లేడని తెలుసు. లేదని తెలిసే చదువుతాడు, సరదా అక్కడే ఉంది. హాని చేసే పుస్తకాలు వేరే ఉన్నాయి. ఎనభయ్యవ దశకంలో క్షుద్ర నవలల గాలి వీచింది. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' వాటిలో పేరుమోసినది. చేయి తిరిగిన రచయిత, చదివించే గుణం ఉన్న పుస్తకం, కాదనను. కానీ అందులో చేతబడి జరిగేది ఏ మాయాద్వీపంలోనో కాదు. డాక్టర్లు, ఆఫీసులు, కార్లు ఉన్న మన మధ్యనే ఒక పసిపాప మీద జరుగుతుంది. చదివినవాడికి 'ఇది ఉందేమో' అనిపిస్తుంది. ఆ 'ఏమో' అన్నదే మన గూడేలకు విషం. దాన్ని ఖండిస్తూ రంగనాయకమ్మ గారు ఏకంగా ఒక పుస్తకమే రాయడం ఊరకే జరగలేదు. మాస్టారు రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లనే పేచీ వస్తున్నది. మాంత్రికుడి పేరు ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఒకటి మాంత్రికుణ్ణి చూసి నవ్వడం నేర్పుతుంది, రెండోది పక్కింటి మనిషిని చూసి జడుసుకోవడం నేర్పుతుంది.

ఇంకొక సంగతి ఉంది, నా మటుకు నాకు అదే ముఖ్యం. తెలుగు కథల్లో అడవి అంటే రాజకుమారుడు దారి తప్పే చోటు. అడవి మనిషి అంటే ఆకులు కట్టుకుని కేకలు వేసేవాడు, లేదా నరబలి ఇచ్చేవాడు. 2015లో వచ్చిన బాహుబలి సినిమానే తీసుకోండి. కాలకేయులని ఒక జాతిని చూపించారు. ఒళ్లంతా నలుపు పూసి, మనిషి భాష కాని భాష పెట్టారు. జలపాతం కింద జనం పెంచిన శివుడు వీరుడైతే అయ్యాడు గానీ, పుట్టుకతో వాడు మాహిష్మతి వారసుడని చెబితే తప్ప కథ ఒప్పలేదు. సినిమా అద్భుతంగా తీశారు, మేమంతా టిక్కెట్టు కొని చూశాం. అయితే కాలకేయుల దండు తెర మీదికి రాగానే పక్క సీట్లో ఉన్న కుర్రాడు మా కొండ పిల్లవాణ్ణి మోచేత్తో పొడిచి నవ్వితే వాడేమి చేయాలి?

దాసరి గారి కథల్లో కూడా భయంకరమైన అడవి జాతులు లేకపోలేదు. ఆ కాలం వాసన ఆయనకూ అంటింది. అయినా రాకాసిలోయలో కేశవుడు రాజకొడుకు కాదు, పేదింటివాడు. వాడి వెంట నడిచే గోమాంగ్ అడవి యువకుడు. గమాంగ్ అనే ఇంటిపేరు ఒడిశా కొండల్లో సవరలలో ఉన్నదే, అది యాదృచ్ఛికమని నేననుకోను. శిథిలాలయంలో శిఖిముఖి శబర యువకుడు, కథానాయకుడు! విక్రమకేసరి పక్కన సమానంగా నిలబడతాడు, నౌకరులా కాదు. మా డిగ్రీ కుర్రాడొకడు ఈ పుస్తకం చదివి "ఇందులో అడవి తెలిసినవాడిదే పైచేయి" అన్నాడు. ఎక్కడ నీరు దొరుకుతుందో, ఏ జాడ ఏ జంతువుదో ఇక్కడి పదేళ్ల పిల్లవాడికి తెలుసు. ఆ తెలివికి పుస్తకంలో విలువ దొరకడం వాడికి కొత్త.

అసలు సాహసగాథలకు మన నేల గొడ్డు పోయిందా? 1922 అక్టోబరు 15న అల్లూరి సీతారామరాజు దళం మన అడ్డతీగల పోలీసు స్టేషన్ మీదికి వచ్చింది. ఆ దళంలో గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు ఉన్నారు. రాజు మైదానం నుంచి వచ్చినవాడు, వీరు మన్యం బిడ్డలు. గంటందొర 1924లో పోరులోనే నేలకొరిగాడు. మల్లుదొర ద్వీపాంతరం పోయి తిరిగివచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఏ మాంత్రికుడి దండమూ లేని కథ ఇది. దీన్ని శిఖిముఖి కథంత ఉత్కంఠగా, పన్నెండేళ్ల పిల్లవాడు అన్నం మరిచిపోయి చదివేలాగా రాసిన పుస్తకం నా కంటికి ఇంకా కనబడలేదు.

చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. ఇప్పుడు పిల్లలకు సెల్‌ఫోనే సీరియల్. కాబట్టి విద్యాశాఖ వారికి, ఐ.టి.డి.ఎ. అధికారులకు మనవి ఏమంటే, ఆశ్రమ పాఠశాలల గ్రంథాలయాలకు పుస్తకాలు కొనేటప్పుడు ఈ సీరియళ్ల సెట్టు ఒకటి చేర్చండి. తాళం వేసిన బీరువాలో పెట్టకండి, పిల్లలను ముట్టుకోనివ్వండి. చదివిన తర్వాత ఏకాక్షి గొప్పా, చతుర్నేత్రుడు గొప్పా అని తరగతిలో వాదనకు పెట్టండి. ఆ వాదన నడిపించడానికి మా మాస్టారినే పిలవండి. ఆయన వస్తానంటే జీపు కిరాయి మేము వేసుకుంటాం.